పాత సామాను ముచ్చట్లు: తాత ట్రంకుపెట్టెల రివాల్వర్

పోయిన నెల గోడ గడియారాల గురించి రాసుకుంట మధ్యల ఒక్క మాట అన్న, మా నాయిన వరంగల్ల ఒక లైసెన్స్ ఉన్న ఆయుధాల దుకాణంల మిస్త్రీగ పనిచేసిండు అని. ఇగ గడియారాలు గంగల కలిసినయి, వచ్చిన ఉత్తరాలల్ల సగానికి ఎక్కువ రివాల్వర్ల మీదనే. అందుల కూడ అందరూ అమెరికా సరుకే అడిగిన్రు, కోల్ట్ అని, స్మిత్ అండ్ వెస్సన్ అని, కౌబాయ్ తుపాకి అని. సరే, ఈసారి మొత్తం అవే పెడుతున్న. కొంతమంది పేరు వేయొద్దన్నరు, ఈ సబ్జెక్టుల ఎవ్వరి పేరూ వేయకపోవుడే మంచిదని నేనే అందరియి తీసేసిన.

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు: సార్ నమస్తే. మా తాత మిలటరీల చేసిండు, పోయినేడు కాలం చేసిండు. ఊర్ల ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టె అడుగున ధోతిల చుట్టి ఒక రివాల్వర్ దొరికింది. గొట్టం మీద స్మిత్ అండ్ వెస్సన్, స్ప్రింగ్‌ఫీల్డ్, యూఎస్ఏ అని ఉన్నది, పిడి కింద ఒక రింగు, నంబర్ ముందర వీ అక్షరం. పెద్దగ తుప్పు లేదు. ఇది యాంటిక్ కిందికి వస్తదా, షోకేసుల పెట్టుకోవచ్చునా? మా బావమర్ది అయితే ఎవ్వలకు చెప్పకు బావా అంటుండు.

ముందుగాల బావమర్ది మాట ఇనకున్రి. మిగిలింది తర్వాత.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే అది విక్టరీ మోడల్. వీ అంటే విక్టరీ. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లండ్‌కు రివాల్వర్లు సరిపోక అమెరికా కంపెనీకి ఆర్డర్ ఇచ్చిన్రు, తయారైతనే ఉన్నయి, 1942ల నంబర్లు 10 లక్షలకు చేరినయి, అక్కడి నుంచి వీ పెట్టి మళ్ల మొదట్నుంచి లెక్క మొదలుపెట్టిన్రు. బ్రిటిష్ వాళ్లకు, వాళ్ల కింద ఉన్న దేశాల సైన్యాలకు 5 లక్షలకు పైగనే పోయినయి. మీరు గొట్టం కొలిచి చూస్తే 5 అంగుళాలు ఉండాలె, అమెరికా వాళ్లు తమ సొంతానికి పెట్టుకున్నయి ఎక్కువగ 4 అంగుళాలయి. పిడి కింది రింగు తాడు కట్టుకునేటందుకు, గుర్రం మీద నుంచో జీపుల నుంచో చెయ్యి జారితే కిందపడకుంట. రంగు కూడ నిగనిగ ఉండదు, బూడిద లెక్క మబ్బుగ ఉంటది ఎందుకంటే యుద్ధంల పాలిష్ పెట్టుకుంట కూసునే తీరిక ఎవలికున్నది.

అంటే దాని వయసు 80 ఏండ్ల పైచిలుకు. మన ఇంట్ల 80 ఏండ్ల బిందె ఉంటే పాతది అంటం గనీ తుపాకికి ఆ లెక్క నడువదు. 1959 ఆయుధాల చట్టంల 45వ సెక్షన్ల ఒక మినహాయింపు ఉన్నది, చాలామంది దాన్ని సగం చదివి సంబరపడుతరు. పాతకాలపు నమూనా అయినా, పురాతన విలువ ఉన్నా, చెడిపోయినా చట్టం వర్తించదు అన్నంతవరకు చదివి పుస్తకం మూస్తరు. దాని తర్వాత ఉన్న ముక్క ఏందంటే, రిపేరు చేసినా చేయకున్నా తుపాకిగ పనికిరానిదై ఉండాలె. ఆ "రిపేరు చేసినా" కాడనే ఉన్నది అసలు మెలిక. మా నాయిన కాడికి ఒకసారి ములుగు దిక్కు నుంచి లైసెన్స్ ఉన్న ఒక ఆసామి భర్మార్, అంటే గొట్టంల మందు కూరి కాల్చే నాటు తుపాకి, తెచ్చిండు, వానకాలం అంత గడ్డివాముల పడి ఉన్నదట, ఘోడా, అంటే తూటాను కొట్టే సుత్తి లాంటి ముక్క, కదలదు, గొట్టంల పురుగులు గూడు పెట్టినయి, ఆయన దాన్ని పాతినుము కింద అమ్ముకుందామనుకుంటుండు. నాయిన వారం రోజులు కిరసనాయిల్ల పెట్టిండు, ఎనిమిదో నాడు బొటనవేలుతోని లాగితే టక్కుమని లేచింది. ఇంటోళ్లకు సచ్చిన తుపాకి మిస్త్రీకి బతికే ఉంటది, పోలీసోళ్లు పిలిచేది మిస్త్రీనే. మీదానికి తుప్పు కూడ లేదంటున్నరు.

ఇంకోటి, .38 బోరు, బోరు అంటే గొట్టం లోపలి కొలత, మన దగ్గర నిషిద్ధ బోరు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండ మామూలు తుపాకి పెట్టుకుంటే 2 నుంచి 5 ఏండ్లు జైలు, నిషిద్ధ కోవదైతే 7 నుంచి 14 ఏండ్లు. భయపెడుదామని కాదు, షోకేసు అన్నరు గాబట్టి చెప్తున్న.

ఏం చేయాలంటే, దాన్ని ఉన్నకాడనే ఉంచి ఆ అర్రకు తాళం వేయున్రి. లోపల తూటాలు ఉన్నయేమో చూద్దామని గెలుకకున్రి, ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టకున్రి. అదే ట్రంకుపెట్టెల కాయితాలు వెతుకున్రి, లైసెన్స్ బుక్కు, మిలటరీ డిశ్చార్జ్ పేపర్లు, పాత రసీదులు, చెదలు తిన్నదైనా సరే పారేయకున్రి. తర్వాత ఒక వకీల్‌ను తోలుకొని స్టేషన్‌కు పోయి తాత మరణించిండు, ఇది బయటపడ్డది, అప్పజెప్తం అని రాతపూర్వకంగ ఇయ్యున్రి, చేతుల పట్టుకొని బస్సుల తీస్కపోవుడు కాదు, ఎట్ల అప్పజెప్పాల్నో వాళ్లనే అడుగున్రి. చట్టంల 21వ సెక్షన్ అచ్చంగ దీనికోసమే ఉన్నది, ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుంట స్టేషన్ల గానీ లైసెన్స్ డీలర్ దగ్గర గానీ జమ చేయాలని. సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోకుండ మాత్రం గడప దాటకున్రి. వారసుల కింద మీకు లైసెన్స్ వస్తదా అంటే నిషిద్ధ బోరుకు ఇచ్చేది ఢిల్లీల హోం శాఖ, పెద్దగ ఆశ పెట్టుకోకున్రి. తాత ఫోటో, డిశ్చార్జ్ పేపరు, ఆ రసీదు మూడూ ఒక ఫ్రేముల పెట్టుకొని హాల్ల తగిలించుకోవచ్చు, దానికి ఎవ్వడూ లైసెన్స్ అడుగడు.

జనగామ నుంచి డిగ్రీ చదివే తమ్ముడు: సార్, రివాల్వర్ కనిపెట్టిన కోల్ట్‌కు ఆ ఐడియా మన కలకత్తాల వచ్చిందని ఎక్కడనో చూసిన, నిజమేనా లేకపోతే అన్నీ మనమే కనిపెట్టినం అనే బాపతా?

సగం నిజం తమ్మీ, ఆ సగం మస్తు మజా ఉంటది. శామ్యూల్ కోల్ట్ 1814ల కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫోర్డ్‌ల పుట్టిండు. పిలగాడు సక్కగ ఒక్కకాడ కుదురుకుంటలేడని తండ్రి 1830ల, అప్పటికి 16 ఏండ్లు, బోస్టన్ల కోర్వో అనే ఓడ ఎక్కించిండు. ఆ ఓడ పోయేది కలకత్తాకే. నావికుని పని నేర్చుకుంట ఓడల చక్రమో, లంగరు తాడు చుట్టే మరనో తిరుగుడూ ఒక్కొక్క పంటి కాడ టక్కున ఆగుడూ చూసి, చాకుతోని చెక్క చెక్కి రివాల్వర్ నమూనా చేసిండని ఆయన తర్వాత చెప్పుకున్న కథ.

ఇంకొంతమంది ఏమంటరంటే, ఎలీషా కొల్లియర్ అని ఇంకో అమెరికా ఆయన 1818లనే ఇంగ్లండ్‌ల పేటెంట్ తీసుకున్న చెకుముకి రివాల్వర్లు ఇండియాల ఉన్న ఇంగ్లీషు దొరల దగ్గర ఉండె, కోల్ట్ కలకత్తాల అవి చూసి ఉంటడు అని. చూసిండని రుజువు లేదు. నా మటుకు నాకు ఓడ చక్రం కథ కంటె ఇదే నమ్మబుద్ధయితది, పేటెంట్ ఉన్నోడు ఇంకొకని వస్తువు చూసిన అని ఎందుకు చెప్పుకుంటడు.

అయితే కోల్ట్ చేసిన పని చిన్నది కాదు. అప్పటిదాంక చర్ఖీని, అంటే తూటాల చక్రాన్ని, ఎక్కువశాతం చేత్తోనే తిప్పుకోవాల్సి వస్తుండె, సగం తిరిగి ఆగిందనుకో గొట్టానికి ఎదురుగ తూటా ఉండదు, పేలితే చేతులనే పేలుతది. కోల్ట్ ఏం చేసిండంటే ఘోడాను వెనక్కి లాగుడుతోనే లోపల వేలు లాంటి చిన్న ముక్క పైకి లేచి చర్ఖీ వెనక పంటిని నెడతది, నెట్టినంక కింది నుంచి ఇంకో ముక్క లేచి గాడిల పడి గట్టిగ పట్టుకుంటది. లాగుడు, తిరుగుడు, తాళం పడుడు, మూడూ ఒక్క బొటనవేలుతోని. మా నాయిన దీన్ని చెప్పేటప్పుడు బావి గిలక, పక్కన కుక్కెం ఉంటది సూడు, బొక్కెన వెనక్కి జారకుండ పట్టేది, అదే అనేటోడు.

పేటెంట్ అమెరికాల వచ్చింది 1836 ఫిబ్రవరి 25న. పేటెంట్‌కు ముందు నమూనాలు చేపియ్యటానికి పైసలు లేక ఈయన ఊరూరు తిరిగి జనానికి నవ్వొచ్చే గ్యాస్ పీల్పించే షోలు చేసిండు, పోస్టర్ల మీద పేరేందో తెలుసా, న్యూయార్క్, లండన్, కలకత్తాల డాక్టర్ కూల్ట్ అని! డాక్టర్ కాదు ఏం కాదు. మన సంతల తైలం అమ్మేటోడు హిమాలయాల నుంచి వచ్చిన అన్నట్టు ఆయన కలకత్తా నుంచి వచ్చిన అనుకున్నడు. కలకత్తాకు అప్పట్ల అంత గిరాకి.

పేటర్సన్ అనే ఊర్ల పెట్టిన మొదటి ఫ్యాక్టరీ 1842ల దివాలా తీసింది. 1847ల మెక్సికో యుద్ధంల టెక్సస్ కెప్టెన్ వాకర్ పట్టుబట్టి పెద్ద రివాల్వర్ చేపిస్తే మళ్ల నిలదొక్కుకున్నడు, దాన్నే వాకర్ కోల్ట్ అంటరు, రెండు కిలోల పైనే బరువు, చేసినయి మొత్తం 1,100 చిల్లర. సొంత ఫ్యాక్టరీ లేక ఇంకొకరి దగ్గర చేపిచ్చిండు.

కరీంనగర్ నుంచి ఒక వ్యాపారి: హైదరాబాద్‌ల పాత సామాన్ల ఆయన ఒక కోల్ట్ ఉన్నది, 150 ఏండ్ల కిందిది, మందు కూరి కాల్చే రకం, లైసెన్సే అక్కర్లేదు అని 60 వేలు చెప్తున్నడు. ఫోటో పంపుతున్న. గొట్టం మీద కోల్ట్ బ్రెవెట్ అని ఉన్నది. తీసుకోవాల్నా?

వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైతది.

బ్రెవెట్ అంటే ఫ్రెంచిల పేటెంట్. హార్ట్‌ఫోర్డ్‌ల తయారైన దానిమీద ఫ్రెంచి మాట ఎందుకుంటది? అది బెల్జియంల లియేజ్ పట్నం సరుకు. 1850లల్ల అక్కడ కోల్ట్‌కు నకళ్లు ఎవరికి వాళ్లు చేసుకుంటుంటే కోల్ట్ కొందరి దగ్గర ఫీజు తీసుకొని కోల్ట్ బ్రెవెట్ ముద్ర వేసుకోనిచ్చిండు, ఫీజు కట్టకుండ వేసుకున్నోళ్లు ఇంకెంతమందో. చర్ఖీ మీద కోడిగుడ్డు ఆకారంల గీత, దాంట్ల ఈ ఎల్ జీ అక్షరాలు కనబడితే ఇగ ఖాయం, అది లియేజ్ పరీక్ష ముద్ర. మీ ఫోటోల ఆ జాగ మీదనే బొటనవేలు పెట్టి తీసిండు చూసిన్రా, అమ్మేటోని వేలు ఎక్కడుంటే మన కన్ను అక్కడుండాలె. ఇట్లాంటియి కూడ సేకరించేటోళ్లు ఉన్నరు గనీ అమెరికా కోల్ట్ ధర దీనికి ఇయ్యరు. ఇగ 1950ల చివర నుంచి ఇటలీల చేసిన కొత్త నకళ్లను ఉప్పునీళ్లల్ల ముంచి పాతయి అని అంటగట్టుడు వేరే కథ, వాటికి ఇటలీ ముద్రతోని పాటు చిన్న డబ్బాల సంవత్సరం కోడు ఉంటది, అమ్మేటోడు ముందుగాల ఆకురాయి పెట్టేది దానికే.

అసలుది ఎట్లుంటదో నేను చేతిల పట్టి చూసింది ఒక్కసారే. 2019ల డల్లాస్‌ల మా బిడ్డ దగ్గరికి పోతే అల్లుడు ఒక గన్ షోకు తీస్కపోయిండు, పెద్ద హాలు, మన నుమాయిష్ లెక్కనే గనీ ఉడకబెట్టిన మక్కలు లేవు. ఒక ముసలాయన బల్ల మీద 1851 నేవీ ఉండె, కోల్ట్ కంపెనీ మస్తు అమ్ముకున్న మోడల్, హార్ట్‌ఫోర్డ్‌లనే 2 లక్షలకు పైగ చేసిన్రు, లండన్ ఫ్యాక్టరీల ఇంకో 40 వేల చిల్లర. నేను మా నాయిన భూతద్దం జేబుల పెట్టుకొనే పోయిన. చర్ఖీ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ చెక్కి ఉంటది, 1843 మే 16న కాంపెచే కాడ టెక్సస్ నేవీకి మెక్సికో నేవీకి అయిన యుద్ధం, టెక్సస్ నేవీ మొదట్ల తన రివాల్వర్లు కొన్నదని కోల్ట్ కృతజ్ఞతగ వేపిచ్చిండు. అందుకే దాని పేరు నేవీ, భూమ్మీదనే ఎక్కువ తిరిగింది గనీ. దాంట్ల ఓడ తెరచాపలు సగం అరిగి, వేళ్లు ఎక్కువ తగిలే దిక్కు నున్నగ అయిపోయి, గాడి పక్కన మాత్రం అలలు ఇంకా గీతలు గీతలుగ ఉన్నయి. అరుగుడు కూడ ఒక పద్ధతి ప్రకారం ఉంటది, మనిషి చెయ్యి తగిలే కాడ ఎక్కువ, తగలని సందుల తక్కువ. నకిలీల అన్ని దిక్కుల ఒక్క తీరుగ అరుగుతది, ఎందుకంటే దాన్ని అరగదీసింది చెయ్యి కాదు, గీసుడు కాయితం.

ముసలాయన నంబర్లు ఒక్కొక్కటి చూపిచ్చిండు, గొట్టం కింద, ఫ్రేము మీద, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి మీద, పిడి పట్టీ మీద, చర్ఖీ మీద, అన్నీ ఒక్కటే నంబర్. గొట్టాన్ని పట్టి ఉంచే చీల మీద మాత్రం వేరే నంబర్, ఎప్పుడో పోగొట్టుకొని ఇంకోదాంది కొట్టిన్రు. నేను చూసేలోపే ఆయనే చెప్పిండు, ధర అందుకే తగ్గిచ్చిన అని. మన పాతసామాన్ల ఆయన ఎన్నడన్న ఇట్ల చెప్పిండా?

ఇగ లైసెన్స్ అక్కర్లేదు అన్న ముచ్చట. 2020ల రూల్స్ మార్చి క్యూరియో, అంటే పాతకాలపు అపురూప వస్తువు, ఆ కోవల పడే చిన్న ఆయుధాలను ఉంచుకోవటానికి లైసెన్స్ వద్దన్నది నిజమే, కానీ కాల్చాలన్నా, మోసుకపోవాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపాలన్నా లైసెన్స్ కావాలని అదే రూల్ల ఉన్నది. మరి హైదరాబాద్ నుంచి కరీంనగర్‌కు అది ఎట్ల వస్తది, ఎగురుకుంటనా? పైంగ అది క్యూరియోనా కాదా అని చెప్పాల్సింది లైసెన్స్ ఇచ్చే అధికారి, అంటే కమిషనరేట్ ఉన్నకాడ కమిషనర్, లేనికాడ కలెక్టర్. అమ్మేటోడు కాదు. మందు కూరి కాల్చే రకమైనా పేలేటిదైతే తుపాకే, మన భర్మార్ కూడ అదే జాతి, దానికి కేసులు అయితలేవా? ఇంకొక్కటి అడుగున్రి ఆయనను, 1972 పురావస్తువుల చట్టం కింద వ్యాపారం చేసే లైసెన్స్ ఉన్నదా అని. 100 ఏండ్లు దాటిన వస్తువు అమ్ముకునేటోనికి అది ఉండాలె. ఆ ప్రశ్నకే ఫోన్ పెట్టేస్తడని నా అంచనా.

మంచిర్యాల నుంచి సింగరేణి రిటైర్డ్ ఉద్యోగి: మా పెద్దోడు డల్లాస్‌ల ఉంటడు, పాత కోల్ట్ కొన్నడు. అక్కడ దాన్ని తుపాకి కిందనే లెక్కపెట్టరట, పోస్టుల ఇంటికి వచ్చిందట. వచ్చేటప్పుడు సూట్‌కేసుల నాకోసం తెస్త అంటుండు.

తేవద్దని ఇయ్యాలనే ఫోన్ చేయున్రి. ఆయన అక్కడి సంగతి అబద్ధం చెప్పలేదు, 1968 అమెరికా చట్టంల 1898 వరకు తయారైనయి యాంటిక్, మామూలు తుపాకి కింద రావు. అందుకే అక్కడ ఒక్కటే మోడల్ కోల్ట్, 1898ల చేసింది ఒక ధర, 1899ల చేసింది ఇంకో ధర, సీరియల్ నంబర్ పుస్తకం ముందర పెట్టుకొని బేరం చేస్తరు. కానీ ఆ గీత అట్లాంటిక్ దాటదు. శంషాబాద్ల కస్టమ్స్ ఆయనకు 1898 అంటే ఏం సంబంధం? మన దగ్గర మామూలు మనుషులు తుపాకి దిగుమతి చేసుకునుడు 1980ల నడుమ నుంచే బందు, పేరున్న షూటర్లకు తప్ప. కొడుకు వస్తుండని పూలదండ పట్టుకొని పోయి పోలీస్ స్టేషన్ల కూసుంటరు.

దాని బదులు వాణ్ని కంపెనీ ఆర్కైవ్, అంటే పాత రికార్డుల విభాగం, నుంచి లెటర్ తెప్పియ్యమనున్రి. కోల్ట్‌కు ఉన్నది, స్మిత్ అండ్ వెస్సన్ అయితే దాని చరిత్ర చూసే ఫౌండేషన్ ఇస్తది. నంబర్ పంపి ఫీజు కడితే ఆ రివాల్వర్ ఏ తారీఖు ఫ్యాక్టరీ గేటు దాటింది, ఏ ఊరి దుకాణానికి పోయింది, గొట్టం ఎన్ని అంగుళాలు, రంగు ఏంది అని రికార్డుల ఉన్నకాడికి రాసి ఇస్తరు. మరీ పాతవాటికి రికార్డు దొరకకపోవచ్చు, 1864ల హార్ట్‌ఫోర్డ్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఇనుము వాని దగ్గర ఉండనీయున్రి, ఫోటోలు, లెటర్ నకలు మీ ఫైల్ల పెట్టుకోన్రి. అసలు సేకరించేటోళ్లు గొప్పలు పోయేది ఆ లెటర్ మీదనే.

నిజామాబాద్ నుంచి ఒక గృహిణి: మా మామయ్యది .32 కోల్ట్, లైసెన్స్ మావారి పేరు మీదికి మారింది, అన్నీ పద్ధతిగనే ఉన్నయి. ఎలక్షన్లప్పుడు డిపాజిట్ చేసి తెచ్చినంక మావారు దసరాకు ఆయుధపూజ అని చింతపండుతోని, ఇత్తడి బిందెలు తోమే పొడితోని తోమిండు. ఇప్పుడు తెల్లగ మెరుస్తున్నది, అక్కడక్కడ ఎర్రగ కనబడుతున్నది. బాగైందా ఖరాబైందా?

అమ్మా, చదువుతుంటే నాకు పానం గిలగిల అన్నది. ఫోటోల గుర్రం బొమ్మ, 1905 పేటెంట్ తారీఖు ఉన్నయి, అది కోల్ట్ పోలీస్ పాజిటివ్ అనే మోడల్, 1907 తర్వాతది. మంచి వస్తువు. దాని మీద ఉండాల్సింది నల్లటి నీలం రంగు, నెమలి మెడ మీద నలుపు దిక్కుకు ఉంటది చూడున్రి, ఆ తీరు. అది పెయింట్ కాదు, ఉక్కు పైపొరనే ఆ రంగుకు మార్చి తెచ్చింది. చింతపండు పులుపు అంటే యాసిడే, ఆ పొరను తినేసింది, ఇప్పుడు మీరు చూస్తున్న తెలుపు ఉత్త ఉక్కు, ఆ ఎరుపు కొత్త తుప్పు. పూజ అయిన తెల్లారి నుంచే తుప్పు మొదలైతది.

పోయిన రంగు మళ్ల వేయిపిస్తే? వేయిపియ్యకున్రి. కొత్త రంగు వేసిన పాత రివాల్వర్ ధర, అరిగిన రంగుతోని ఉన్నదాని కంటె తక్కువనే పలుకుతది, పాలిష్ మిషన్ పెట్టినప్పుడు అక్షరాల అంచులు కూడ మొద్దుబారుతయి. మీవారు లైసెన్స్ ఉన్న మిస్త్రీ దగ్గరికి తీస్కపోయి ఖాళీ చేపిచ్చి, తుడిపిచ్చి, పల్చని మిషన్ నూనె రాపియ్యాలె. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురైతది. తోలు సంచిల పెట్టి బీరువాల దాచుడు ఇంకా వద్దు, తోలు తేమ పీల్చుకుంటది, తోలు ఊనబెట్టిన రసాయనం ఉక్కును తింటది. నికెల్ పూత ఉన్నదైతే అమోనియా కలిసిన పాలిష్ తగలనియ్యొద్దు, నికెల్ కింద రాగి పొర ఉంటే దాన్ని తిని పూత పొక్కులు లేపుతది. పిడి తెల్లగ ఉన్నది, ఏనుగు దంతమా అని కూడ అడిగిన్రు. ఫోటోల తెలుస్తలేదు, దంతమే అయితే 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి వేరే సర్టిఫికెట్ కావాలె, అమ్ముడు కొనుడు అసలే వద్దు.

ఆయుధపూజకు పసుపు, కుంకుమ కూడ పిడి మీద ఒక చుక్క చాలు. మీవారికి ఈ పేజీ చూపెట్టున్రి, నా మీద కోపమొస్తే రానియ్యున్రి.

హుజూరాబాద్ నుంచి: కౌబాయ్‌లు ఆరు గుండ్ల తుపాకిల ఐదే వేసుకునేటోళ్లట. ఎందుకు?

1873 కోల్ట్ సింగిల్ యాక్షన్‌ల, అంటే ప్రతిసారి ఘోడాను బొటనవేలుతోని లాగి కాల్చే రకంల, ఘోడా ముక్కుకే సూది ఉంటది, ఘోడా దించి పెడితే ఆ సూది తూటా వెనకభాగం మీదనే ఆనుకొని ఉంటది. గుర్రం మీద నుంచి పడ్డా, పిడి రాయికి తగిలినా పేలుతది, పేలితే నడుముకు ఉన్నది గాబట్టి ముందుగాల పోయేది కాలే. అందుకే ఘోడా కింది గది ఖాళీ ఉంచేటోళ్లు. సినిమాల్ల పన్నెండు కాలుస్తరు, అది వేరే సంగతి.

పెద్దపల్లి నుంచి: వీటికి కోట్లు వస్తయంటరు నిజమేనా?

అక్కడ వస్తయి. బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన దొంగను 1881ల కాల్చిన షెరీఫ్, అంటే అక్కడి పోలీసు పెద్ద, పాట్ గారెట్ కోల్ట్ 2021ల వేలంల 60 లక్షల డాలర్లు దాటింది. 2018ల ఒక వాకర్ కోల్ట్ దాని అసలు పెట్టెతోని కలిపి 18 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. మొదటిదాని ధర తుపాకికి కాదు, ఎవలి చేతిల ఎప్పుడు పేలింది అని రుజువు చేసే కాయితాలకు. అదే మోడల్ కాయితం లేకుండ ఉంటే దాంట్ల చిన్న వంతే వస్తది. మన దగ్గర అమ్మాలంటే లైసెన్స్ ఉన్నోనికే అమ్మాలె, ఎవలికి పడితే వాళ్లకు కాదు, కాబట్టి కోట్ల లెక్కలు ఇడిసిపెట్టున్రి.

కాజీపేట నుంచి ఒక పాఠకుడు: సార్ ఇంత చెప్తున్నరు, మీ దగ్గర ఎన్ని ఉన్నయి? నాకు కూడ సేకరించాలని ఉన్నది, ఎట్ల మొదలుపెట్టాలె?

సున్నా. ఒక్కటి కూడ లేదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగ వచ్చినా అదే లెక్క, రెండింటితోని సేకరణ ఏమైతది. నేను ఏరుకునేది వాటి చుట్టూ ఉండేటియి. పేటెంట్ బొమ్మలు ఉన్నయి, కోల్ట్ 1836ది ప్రింటు తీపిచ్చి ఫ్రేము కట్టిచ్చిన, చర్ఖీ, పళ్లు, స్ప్రింగులు విడివిడిగ ఎంత ముద్దుగ గీసిన్రంటే చూసిన చుట్టాలు ఇదేం యంత్రం అని అడుగుతరు. పాత క్యాటలాగ్ పేజీలు, పత్రికల్ల వచ్చిన అడ్వర్టైజ్‌మెంట్లు, ఒక ఖాళీ తూటాల అట్టడబ్బా. మీరు ముందుగాల ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం పోయి ఆయుధాల గదిల గడియారం చూడకుంట రెండు గంటలు నిలబడున్రి, చౌమహల్లాల కూడ ఉన్నయి. అద్దంల నుంచి స్క్రూల తలకాయలు చూడున్రి, గాడి అంచులు చెదిరినయంటే ఎవడో సరిగ్గ కుదరని పేచ్‌కస్ పెట్టి విప్పిండు అని.

మా నాయినయి పదకొండు పేచ్‌కస్‌లు ఉన్నయి నా దగ్గర. ఒక్కొక్కటి ఒక్కొక్క స్క్రూ గాడికి సరిపోయేటట్టు ఆయనే ఆకురాయితోని అరగదీసుకున్నడు, టేకు పిడులు, ఏది దేనిదో పిడి మీద చాకుతోని చిన్న చిన్న గాట్లు పెట్టుకున్నడు. ఆరు గాట్లది మాత్రం ఏ స్క్రూకు అని నేను అడుగలేదు.